వెనక్కి తీసుకోని వాన

సేన కదిలేముందు ఆడి చూసే ఛాయాయుద్ధంలో వకుళ శత్రుసేనను కొండల వెనక దాచేసి, వాన కురిపించింది. కురిపించి ఊరుకుంది. ఎదుటిపీఠంలో కూర్చున్నవాళ్ళకు ఆ మాత్రం హక్కు ఉంది. శత్రువు చేసేదీ, ఆకాశం చేసేదీ వాళ్ళ చేతిలోనే. జీతం సామ్రాజ్యానిది, ఆట శత్రువు తరఫున. చివరికి ఓడిపోవాల్సిందీ వాళ్ళే అనుకోండి.

వ్యూహశాల నేల మీద నల్లకనుమ కొండలు మోకాలెత్తున వెలుగుతున్నాయి. లోయలోకి దిగిన సామ్రాజ్య సేన ఎండబళ్ళ మూలంగా ఆగిపోయింది. మహాదళపతి కేదారవర్మ గారి సంస్కరణ అది. కంచరగాడిదలను అమ్మేశారు, వంటవాళ్ళను ఇళ్ళకు పంపేశారు, తిండీ నీళ్ళూ మందుగుండూ మోసే పనంతా ఎండతో నడిచే బళ్ళకు అప్పగించారు. చితికిపోయిన రాజ్యానికి ఎండ ఒక్కటే ఊరికే దొరుకుతోంది మరి. ఆ కొండల్లో సగం ఏడాది మబ్బేనని శాలలో అందరికీ తెలుసు. చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు.

నేల మీద సైనికులకు గుర్తుగా వెలిగే చుక్కలు ఆకలికి ఆరిపోతున్నాయి. ఏడో దళం మొత్తం ఆరింది. వకుళ తమ్ముడు మకరంద్ అందులోనే ఉన్నాడు. అసలు దళం ఇప్పటికే కనుమ కింద గుడారాల్లో ఆజ్ఞ కోసం కాచుకుని ఉంది. ఛాయాయుద్ధం గెలిస్తేనే సేన కదలాలన్నది పాత చట్టం. గెలవని ఛాయాయుద్ధం ఇంతవరకూ లేదు. ఎందుకుంటుంది? ఓడిపోతున్నప్పుడల్లా పెద్దలు అడుగుతారు, ఎదుటిపీఠం తన ఎత్తును వెనక్కి తీసుకుంటుంది, చచ్చిన చుక్కలు లేచి నడుస్తాయి. వకుళ కూడా ఇన్నాళ్ళూ అదే చేసింది.

కేదారవర్మ ఆమె దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు, బాగా అలసిపోయి ఉన్నాడు.

“వాన వెనక్కి తీసుకో అమ్మా,” అన్నాడు.

“కొండల్లో కురిసేదాన్ని ఎవరు వెనక్కి తీసుకుంటారండీ?”

ఆయన గొంతు తగ్గించాడు. సరిహద్దు రాష్ట్రాలు రెండు చేజారాయనీ, ఈ ఒక్క విజయమైనా చూపించకపోతే రాజధాని కూడా మిగలదనీ చెప్పుకొచ్చాడు. ఆ తర్వాత అసలు సంగతి బయటపెట్టాడు. తమ్ముణ్ణి సాయంత్రానికల్లా కోట కాపలాకు మార్పిస్తాడట.

వకుళకు ఆశ పుట్టింది, పుట్టినందుకు సిగ్గేసింది. వాడొక్కడూ బతికితే చాలని మనసు గోల పెట్టింది. కానీ వాడి గుడారంలో వాడితో పాటు పడుకునేవాళ్ళ పేర్లు కూడా ఆమెకు తెలుసు.

సమ్మతిఫలకం మీద ఆమె అరచెయ్యి పెడితే వాన ఆగుతుంది. వకుళ చేతులు కట్టుకుంది.

“వాణ్ణి అక్కడే ఉండనివ్వండి. వాన కూడా ఉంటుంది,” అంది.

చివరి చుక్క ఆరింది. ఫలితం ప్రకటించాల్సిన అధికారి నోరు తెరిచి అలాగే నిలబడిపోయాడు. ఓటమిని ఎలా ప్రకటించాలో ఆయనకు ఎవరూ నేర్పలేదు. ఆ మాటేదో వకుళే అనేసింది.

“మనం ఓడిపోయాం. సేన కదలకూడదు.”

భటులు ఆమె రెక్కలు పట్టుకుని తీసుకుపోయారు. ఎక్కడికని ఎవరూ అడగలేదు.

మర్నాడు ఛాయాయుద్ధం మళ్ళీ మొదలుపెట్టారు. ఎదుటిపీఠంలో కొత్త అధికారిని కూర్చోబెట్టారు, పిరికివాడని ఏరికోరి మరీ. అతను వణుకుతూనే శత్రుసేనను కొండల వెనక దాచాడు. లోయ మీదికి మబ్బులు తోలాడు. కేదారవర్మ వచ్చి ముందు నిలబడేసరికి, రెండు చేతులూ ఒళ్ళో దాచుకుని తల వంచుకున్నాడు.