శనివారం వెలిగే లైటు

"వెయ్యి జీబీ మెమరీ కార్డు మూడొందలకి వస్తందంటే, అమ్మినోడికన్నా పిచ్చి ఉండాల, లేకుంటే కొన్నోళ్ళకన్నా..."

వినోద్ అక్కడితో ఆగిపోయాడు. ఎదురుగా ఉన్న అమ్మాయి చూపు చూశాక మిగతా మాట మింగేయడమే క్షేమమనిపించింది.

"ఆపినారే? చెప్పండి. కొన్నోళ్ళకి ఏముండాల?"

"ఓపిక ఉండాల మేడమ్. కూర్చోండి, చెక్ చేస్తా."

బయట తుపాను ముసురు పట్టి సన్నగా కురుస్తూ ఉంది. ఆ అమ్మాయి చున్నీ కొసలు పిండుకుంటూ స్టూలు మీద కూర్చుంది. పేరు కామాక్షి. కొడవలూరులోనే ఒక రైస్ మిల్లు ఆఫీసులో పని చేస్తుంది. కార్డు ఫోన్లో సరిగా పనిచేయడం లేదని వచ్చింది గానీ, అది మోసమని ఒప్పుకోవడానికి మాత్రం రాలేదు.

కొడవలూరు దగ్గర హైవే పక్కన వినోద్‌కి చిన్న షాపు ఉంది. కార్లకి కెమెరాలు, స్పీకర్లు, సీటు కవర్లు బిగిస్తాడు. సొంతూరు మైపాడు. తండ్రి చెంచయ్య సముద్రంలో వల వేసి చేపలు పడితే, కొడుకు ఫోను పట్టుకుని ఆన్‌లైన్‌లో చవక సరుకు పడతాడు. ఎక్కడ ఏ సేల్ నడుస్తోందో, ఏ రివ్యూ నిజమో, ఏది డబ్బులిచ్చి రాయించిందో కంటితో చూసి చెప్పేస్తాడు. షాపు గోడ మీద స్వయంగా రాయించుకున్న బోర్డు కూడా ఒకటి ఉంది: 'మా దగ్గర డూప్లికేట్ అని రుజువు చేస్తే ఆ రోజే షాపుకి తాళం.'

ల్యాప్‌టాప్‌లో కార్డు పెట్టి కాసేపు పరీక్ష చేశాక వినోద్ తల ఊపాడు.

"అట్ట మీద వెయ్యి అని కొట్టినాడు గానీ, లోపల ఉండేది ఎనిమిదే. ఎనిమిది నిండినాక కొత్తవి ఎక్కినట్టే కనపడతాయి, పాతవి చెడిపోతాయి."

"మా అక్క సీమంతం ఫోటోలన్నీ దీంట్లో ఎక్కించినానే!"

"ఫోన్లో కూడా ఉండాయా?"

"ఉండాయి."

"బతికినారు పొండి."

ఇంకెవరైనా అయితే థాంక్స్ చెప్పి వెళ్ళిపోతారు. కామాక్షి లేచి నిలబడి షాపంతా ఒక చూపు చూసింది. గాజు అద్దం వెనకున్న ఫోన్ స్టాండు మీద ఆ చూపు ఆగింది.

"ఇదెంతకి కొన్నారు మీరు?"

వినోద్ గర్వంగా చెప్పాడు. నెల్లూరులో ఎవ్వరూ ఆ రేటుకి తేలేరని కూడా చెప్పాడు. ఆమె తన ఫోన్ తీసి రెండు నిమిషాలు ఏదో నొక్కి, తెర అతని ముఖం ముందు పెట్టింది. అదే స్టాండు, అదే కంపెనీ, అతను కొన్న దాంట్లో సగం ధర.

"కొన్నోళ్ళకి ఏముండాలో ఇప్పుడు చెప్పండి," అనేసి ఆ వానలోనే స్కూటీ ఎక్కి వెళ్ళిపోయింది.

వినోద్‌కి గుండెలో కలుక్కుమంది. అది స్టాండు ధర వల్లేనని చాలా రోజులు అనుకున్నాడు, పాపం.

తర్వాత ఇద్దరి మధ్య మొదలైన వ్యవహారాన్ని ఏమనాలో తెలియదు. ఫోన్లో గుడ్ మార్నింగులు లేవు, తిన్నావా అన్న పలకరింపు లేదు. అన్నీ లింకులే. 'ఈ కార్డు ఒరిజినలేనా?' అని ఆమె పంపితే, 'అమ్మేవాడి పేరు చూడు, నిన్న పుట్టినాడు' అని ఇతను. 'నీ కన్నా ముందు చూసినా' అని ఒక కార్ చార్జర్ డీల్ ఇతను పంపితే, 'కూపన్ వేస్తే ఇంకా తగ్గుద్ది, తెలియదా' అని ఆమె. మీరు నువ్వుగా మారింది ఏ సేల్‌లోనో ఇద్దరికీ గుర్తు లేదు.

ఒక శనివారం పొద్దున ఆమె దగ్గర్నుంచి లింకు బదులు మాట వచ్చింది: 'మా నాయన కారులో పసుపు లైటు వెలిగింది. నీ అగ్గిపెట్టె తీసుకురా.'

ఆ లైటు వెలిగితే ఇంజన్‌లో ఏదో తేడా ఉన్నట్టు. అగ్గిపెట్టె అంటే కారు స్కానర్, సైజూ అంతే. స్టీరింగ్ కింద గుచ్చితే కారుకి వచ్చిన జబ్బేదో ఫోన్లో చెప్పేస్తుంది. పెద్ద షెడ్లలో ఉండే మిషన్ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. దాన్ని ఒక అర్ధగంట సేల్‌లో పట్టానని వినోద్ మైపాడు రేవు దాకా చెప్పుకున్నాడు.

కామాక్షి తండ్రి పెంచలకృష్ణ గారు వరి రైతు. పొలం తర్వాత ఆయన ప్రాణమంతా ఆ పాత తెల్ల కారు మీదే. ఆయన తల్లి ఆదిశేషమ్మకీ అంతే. ఒకప్పుడు ఎద్దులకి పెట్టిన బొట్టు ఇప్పుడు కారుకి పెడుతుంది. ప్రతి శుక్రవారం సాయంత్రం మనవరాలి చేత బానెట్ ఎత్తించి, ఇంజన్‌కి పసుపు కుంకుమ పెట్టి, సాంబ్రాణి పొగ వేసి గానీ కాఫీ ముట్టదు. పైన అద్దానికి పెడితే చాలదా అంటే, "పని చేసేది లోపలుండేది గదా" అంటుంది.

వినోద్ స్కానర్ గుచ్చి ఫోన్ చూశాడు. "గాలి సెన్సర్ సార్. సాంబ్రాణి బూడిద పడినట్టుంది."

"మా జేజినే అంటావా?" అంది కామాక్షి, టార్చి పట్టుకుని పక్కన నిలబడి.

"అనలా. తుడిస్తే సరిపోద్ది." అతను ఇంజన్ మీదికి వంగి చూపించాడు. "ఇదిగో, ఇంజన్‌లోకి గాలి ఎంత పోతందో చెప్పేది ఇదే. ఈ వైరు ఊడదీసి బండి స్టార్ట్ చేసినా లైటు వెలుగుద్ది. మళ్ళీ పెట్టినా ఊరికే ఆరదు, స్కానర్‌తో ఆర్పాల."

"నువ్వే వచ్చి ఆర్పాల్నా?"

"నేనే రావాల."

"అట్నా," అంది కామాక్షి. టార్చి వెలుగు ఇంజన్ మీద కాకుండా తన చెవి మీద పడుతోందని వినోద్‌కి అప్పుడే తెలిసింది.

లైటు ఆరింది. మజ్జిగ వచ్చింది. మజ్జిగతో పాటు వరండాలో కబుర్లు వచ్చాయి. మరుసటి శనివారం మళ్ళీ లైటు వెలిగింది.

ఆ పై శనివారం కూడా వెలిగింది. సెన్సర్ శుభ్రంగా ఉంది, వైరు బిగువుగా ఉంది, బండి బాణంలా పోతోంది, అయినా లైటు వెలుగుతోంది. వినోద్ బతిమాలితే ఆదిశేషమ్మ సాంబ్రాణి మానేసింది, బొట్టు మాత్రం మాననంది. అయినా వెలిగింది. వెలిగినందుకు వినోద్‌కి తల తిరుగుతోంది, శనివారం వస్తున్నందుకు మనసు ఊగుతోంది. ఈ రెండింటిలో ఏది ముందు ఆపాలో అతనికి తెలియలేదు.

మైపాడుకీ కొడవలూరుకీ మధ్య ఉన్నది రోడ్డొక్కటే కాదని అతనికి తెలుసు. వాళ్ళది మడి చెక్కల మీద బతికే ఇల్లు, తమది వల మీద బతికే ఇల్లు. ఒక్క మాట నోరు జారితే ఉన్న మజ్జిగ కూడా పోతుంది. అందుకే మనసులో ఉన్నది చెప్పకుండా, లైటు ఎందుకు వెలుగుతోందో అన్నా తెలుస్తుందని ఆ కారుకి ఒక కెమెరా బిగించాడు. ముందు రోడ్డు చూసే కెమెరా, అందులో తాను ఏరి ఏరి కొన్న మెమరీ కార్డు. బండి స్టార్ట్ అయితే చాలు, బొమ్మా మాటా రెండూ రికార్డవుతాయి.

"ఒరిజినలేనా అబ్బయ్యా?" అని అడిగారు పెంచలకృష్ణ గారు.

"కాకుంటే షాపు మూసేస్తా సార్."

ఆ తర్వాతి శుక్రవారం మధ్యాహ్నం ఆయన షాపుకే వచ్చారు. కూర్చోమన్నా కూర్చోలేదు. షాపులో ఇంకో ఇద్దరు కార్లాళ్ళు ఉండగానే అనేశారు.

"చూడబ్బయ్యా. నువ్వు ఆర్పిపోతావు, అది వెలుగుద్ది. నెల్లూరులో మెకానిక్‌ని అడిగినా. నీ స్కానర్ లాంటి చవక డబ్బాలే కారుని చెడగొడతాయన్నాడు. రేపు గనక లైటు వెలిగితే, నీ డబ్బా నువ్వే పెట్టుకో, మళ్ళా మా గడప తొక్కొద్దు. మా అమ్మాయికి మెసేజులు కూడా చాలు."

ఆఖరి మాట తగలాల్సిన చోటే తగిలింది. వినోద్‌కి ఆ రోజు అన్నం సహించలేదు. కామాక్షికి ఎలా చెప్పాలో తెలియక, చెబితే ఏమనుకుంటుందోనని, ఒక్క మెసేజైనా పంపలేదు. ఆ తప్పే కొంప ముంచింది.

శనివారం పొద్దున్నే లైటు వెలిగింది.

వినోద్ వెళ్ళేసరికి పెంచలకృష్ణ గారు మీసం సవరించుకుంటూ వాకిట్లో నిలబడి ఉన్నారు. ఆదిశేషమ్మ వరండాలో చిక్కుడుకాయలు గిల్లుతోంది. కామాక్షి రోజూ లాగే నవ్వుతూ మజ్జిగ గ్లాసుతో వచ్చి, తండ్రి ముఖం చూసి గడప దగ్గరే ఆగిపోయింది.

"ఆ కెమెరాలో అంతా ఉంటదంటివి గదా. ఎవరు ముట్టుకున్నారో, నీ డబ్బా చేసిందో, పెట్టి చూపించు," అన్నారాయన.

వినోద్ కార్డు తీసి కారులో కూర్చుని తన ఫోన్లో పెట్టాడు. నిన్న సాయంత్రం రికార్డయింది తెరిచి, చెవి దగ్గర పెట్టుకున్నాడు.

తెర నిండా ఎత్తి ఉన్న బానెట్టే. ఇంజన్ స్టార్టయిన చప్పుడు. ఆ వెంటనే, చాలా దగ్గరగా, కామాక్షి గొంతు: "వెలుగు తల్లీ, వెలుగు. రేపు వాడు రావాల్నా వద్దా?"

తర్వాత డోరు చప్పుడు, వైరు మళ్ళీ బిగిస్తున్నట్టు చిన్న టిక్కు. బానెట్ దిగింది. దాని వెనక కామాక్షి, ముక్కు మీద మసి, చేతులు దులుపుకుంటూ కారు వంక చూసి నవ్వుతోంది.

వినోద్ అక్కడికే ఆపేశాడు. ఇన్ని శనివారాలూ తాను వెతికిన జబ్బు ఇదా! ఎగిరి గంతేయాలనిపించింది. అద్దంలోంచి పెంచలకృష్ణ గారి మీసం కనిపించి ఆ గంతు గొంతులోనే ఆగింది. ఇది చూపిస్తే తన స్కానర్ నిలబడుతుంది, షాపు నిలబడుతుంది, తన మాట నిలబడుతుంది. తండ్రి ముందు ఆ పిల్ల పరువే నిలబడదు.

అతను కారు దిగాడు.

"ఏముంది దాంట్లో?"

"ఏం లేదు సార్. కార్డు... డూప్లికేట్. ఏమీ ఎక్కలా."

గడప దగ్గర గ్లాసు కదిలింది.

"డూప్లికేటా? నువ్వు తెచ్చిందా?"

"నేను తెచ్చిందే. మోసపోయినా. స్కానర్ కూడా నమ్మేదానికి లేదు సార్. తప్పు నాదే. షాపు మూసేస్తానని రాయించుకున్నా గదా, మూసేస్తా."

ఆ మాటలు అనడానికి వినోద్‌కి ఎంత కష్టమైందో, చవక సరుకు వెతికే జాతికి మాత్రమే తెలుస్తుంది. మోసపోయానని చెప్పుకోవడం కన్నా వాళ్ళు ఒక పన్ను పీకించుకుంటారు.

పెంచలకృష్ణ గారు ఏదో అనబోయారు. ఈలోపు కామాక్షి గ్లాసు అరుగు మీద పెట్టి గబగబా వచ్చి, వినోద్ చేతిలో ఫోన్ లాక్కుంది.

"కార్డు మంచిదే నాయనా. ఈయన డూప్లికేట్ కొనడు. కొన్నా నేను కొంటా గానీ ఈయన కొనడు."

"కామాక్షీ, వద్దు," అన్నాడు వినోద్.

"నువ్వు ఊరుకో. షాపు మూసేస్తాడంట, షాపు!" ఆమె కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "నాయనా, లైటు వెలిగించింది నేను. ప్రతి శుక్రవారం జేజి బొట్టు పెట్టేటప్పుడు వైరు పీకింది నేను. ఎందుకంటే, ఈయన వస్తాడని. ఈయనంటే నాకిష్టం. ఇదో, చూడు."

వీడియో మొదట్నుంచి పెట్టి తండ్రి చేతిలో ఉంచింది. పెంచలకృష్ణ గారు కదలకుండా చూశారు. బానెట్టు, 'వెలుగు తల్లీ', టిక్కు, మసి ముక్కు, అన్నీ అయ్యాయి. వినోద్ ఆపేసిన చోటు దాటి వీడియో ముందుకు పోయింది. కారు కిటికీ పక్కనుంచి మరో గొంతు వినపడింది.

"అయిందా అమ్మే? ఈసారి ఇంకో వైరు కూడా పీకి చూడకపోయినావా? పోయిన వారం వాడు మరీ తొందరగా బాగుచేసి పోయినాడు. మజ్జిగన్నా సరిగా తాగలా పిల్లోడు."

పెంచలకృష్ణ గారు మెల్లగా తలెత్తి వరండా వైపు చూశారు.

ఆదిశేషమ్మ చిక్కుడుకాయ గిల్లడం ఆపలేదు. "ఏందట్ట చూస్తావు? మీ నాయన మా ఇంటికి ఏం పని మీద వచ్చినాడో తెలుసా నీకు? మా పొలంలో ఆయిల్ ఇంజన్ బాగుచేసేదానికి. నాలుగు తూర్లు వచ్చినాడు."

"తెలుసు గదమ్మా. ఆ ఇంజన్ మంచిది కాదంట."

"ఇంజన్‌కేం, బ్రహ్మాండంగా ఉండేది. దాని పొగ గొట్టంలో గుడ్డలు కుక్కింది ఎవరనుకున్నావు?"

కామాక్షి కళ్ళు తుడుచుకోబోయి, నవ్వు ఆగక చున్నీ నోటికి అడ్డం పెట్టుకుంది. పెంచలకృష్ణ గారు మీసం సవరించుకోబోయి మానేశారు. ఫోన్ వినోద్ చేతికిచ్చి, కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చారు. ఆయనకి కోపం పోలేదు, కానీ ఎవరి మీద పెట్టుకోవాలో దిక్కు తోచలేదు.

"నన్ను కాపాడేదానికి షాపు మూసేసుకుంటానన్నాడు నాయనా," అంది కామాక్షి నెమ్మదిగా.

"విన్నాలే. చెవుడు లేదు నాకు." ఆయన గొంతు సవరించుకున్నారు. "ఏమబ్బయ్యా. మీ నాయన వేటకి పోకుండా ఇంటి దగ్గర ఎప్పుడుంటాడు?"

వినోద్ ఫోన్ గబుక్కున జేబులో పెట్టుకున్నాడు. "ఆదివారం ఉంటాడు సార్. రేపు."

"మాట్లాడి చూస్తా. చూస్తానన్నా అంతే, ఇంకేం అనలా." ఆయన కారు తాళాలు తీసి వినోద్ అరచేతిలో పెట్టారు. "ముందు ఆ లైటు ఆర్పు. మైపాడు పోయి వచ్చిందాకా మళ్ళా వెలగకూడదు."

"వెలగదు నాయనా," అంది కామాక్షి, వినోద్ కన్నా ముందే.