వీపు చూపని దయ్యం

పొగమంచు కమ్మిన ఒక ఉదయం లండన్‌లో మిసెస్ హెస్టర్ క్వెల్ ఇంటి తలుపు తట్టిన స్త్రీ, కుర్చీ చూపించినా కూర్చోలేదు. పేరు లేడీ అడెలా ఫెన్విక్. భర్త పోయాడు. ఆష్‌మియర్ కోటలో రాజమాతకు చెలికత్తె.

"కూర్చోండమ్మా" అంది మిసెస్ క్వెల్ రెండోసారి. లండన్ మొత్తం మీద ఆడ డిటెక్టివ్ అని బోర్డు పెట్టుకునే ధైర్యం ఆమె ఒక్కతెకే ఉంది.

"క్షమించండి. ఏడాదిగా నిలబడీ నిలబడీ కూర్చోవడం మర్చిపోయాను" అని కుర్చీ అంచున కూర్చుంది అడెలా. "మా కోటలో దయ్యం ఉంది. దాన్ని చూసింది నేనొక్కదాన్నే. అదే నా ఖర్మ."

టీ పోస్తున్న ఫ్రోబిషర్ చేతిలో కేటిల్ గడగడలాడింది. పూర్వం పోలీసు జవాను, ఇప్పుడు మిసెస్ క్వెల్‌కు సహాయకుడు. దొంగలంటే భయం లేదు గానీ దయ్యమంటే ఆరడుగుల మనిషీ వణికిపోతాడు.

"నాకు ముందునుంచీ లేడీ సిబిల్ కొలువులో ఉండేవారు. ముప్పై ఏళ్లు రాజమాత పక్కనే గడిపి, పోయిన చలికాలం కన్నుమూశారు. ఇప్పుడు పొద్దువాలే వేళ, దీపాలు పెట్టకముందు, చిత్రాల గ్యాలరీలో కనిపిస్తున్నారు. అదే బూడిదరంగు గౌను, అదే మేలిముసుగు. ఆవిడ పూసుకునే వయొలెట్ అత్తరు వాసన కూడా."

"ఏం చేసింది ఆ దయ్యం?"

"నిప్పుగూడు దగ్గర రాజమాత కుర్చీ ఉంటుంది. దాని ముందు మోకాళ్లు వంచి నమస్కరించింది. తర్వాత వెనక్కి జారిపోయింది. తిరగలేదండీ! ముఖం ఇటువైపే పెట్టి, ఎవరో వెనకనించి లాగుతున్నట్టు అవతలి తలుపుదాకా వెళ్లి, గడప దాటి మాయమైపోయింది."

"కుర్చీలో ఎవరున్నారు?"

"ఎవరూ లేరు. అంటే, ఎత్తు కుర్చీ, దాని వీపే నాకు కనిపించింది. కానీ నేను చూసిన మంగళవారం రాజమాతకు జలుబు, మంచం దిగలేదని వారే చెప్పారు. అందులో ఇంకెవరూ కూర్చోరు." అడెలా గొంతు తగ్గింది. "రేపు డాక్టరు వస్తున్నాడు. నాకు మతి చలించిందని ఆయన అంటే మా బావగారు నన్ను పిచ్చాసుపత్రిలో పడేస్తారు. నన్ను వదిలించుకోవాలని ఎప్పట్నించో చూస్తున్నారు. నాకు పిచ్చా, అమ్మా? నిజం చెప్పండి."

మిసెస్ క్వెల్ ఆమె చేతిని తన చేతుల్లోకి తీసుకుంది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

"రేపు చెప్తాను" అంది.

మర్నాడు మధ్యాహ్నానికి మిసెస్ క్వెల్, ఫ్రోబిషర్ ఆష్‌మియర్ చేరారు. గ్యాలరీ నిండా చచ్చిపోయిన రాజుల బొమ్మలు. కిటికీల అవతల మంచు తప్ప ఏమీ లేదు. ఎక్కడో తలుపు కిర్రుమంటే ఫ్రోబిషర్ గోడకు అతుక్కుపోయాడు.

"గాలయ్యా, గాలి. గోడని వదులు, అది పడిపోదులే" అంది మిసెస్ క్వెల్.

మొదట మాట్లాడింది రాజమాత బట్టలు చూసే ముసలి టిబ్స్. నోరు తెరిస్తే మూయడం ఆమెకు చేతకాదు.

"సిబిల్ దొరసాని బట్టలా? ఆ బీరువాలోనే ఉన్నాయమ్మా. తాళంచెవి రాజమాత మెళ్లో గొలుసుకుంది. నన్ను కూడా ముట్టుకోనివ్వరు."

"పనివాళ్లు ఎవరైనా సాయంత్రం ఇటు వస్తారా?"

"భలేదానివే! మాకు ఆ పక్క తలుపే గతి. పెద్దవాళ్లు కనిపిస్తే చటుక్కున అందులో దూరిపోవాలి. గ్యాలరీ మధ్యలో నడిచే భాగ్యం మాకెక్కడిది?"

"మంగళవారం రాజమాతకు బాగా జలుబు చేసిందట?"

"అయ్యో, కాళ్లు మంచుగడ్డలే అనుకో. కాళ్ల కింద పెట్టే వేడి ఇటుక ఇక్కడికి ఓసారి, పడకగదికి ఓసారి మోసీ మోసీ నా నడుం విరిగింది."

అంతలో రాజమాత గది నుంచి పిలుపు వచ్చింది. ఎనభై ఏళ్ల మనిషి, నల్లని దుస్తుల్లో పిట్టంత ఉంది. మెడలో చిన్న తాళంచెవి వేలాడుతోంది. అడెలా పక్కన రెండో చెలికత్తె లేడీ రొవెనా టెంపెస్ట్ నిలబడి ఉంది. అరవై దాటినా వెన్ను వంగలేదు.

"దయ్యాలూ లేవు, ఏమీ లేవు. పాపం అడెలాకి ఒంట్లో బాగాలేదు" అంది రాజమాత, కిటికీ వైపు చూస్తూ. "ఇక వెళ్లండి."

అందరూ మోకాళ్లు వంచారు. రాజమాతకు వీపు చూపడం ఆ కోటలో జరగని పని, అంచేత అందరూ వెనక్కి నడవాల్సిందే. ఫ్రోబిషర్ రెండడుగులేసి బొగ్గుల తొట్టిలో కూలబడ్డాడు. అడెలా గౌను అంచు తొక్కుకుని గడప తట్టుకుని తూలింది. లేడీ రొవెనా మాత్రం వెనక్కి చూడకుండానే నీళ్ల మీద పడవలా గడప దాటేసింది.

"ఏడాదైంది. గడప ఎక్కడుందో నీ కాళ్లకి ఇంకా తెలీలేదా అమ్మాయ్?" అంది బయటికొచ్చాక.

"మీ కాళ్లకి ఎప్పుడు తెలిసింది?" అడిగింది మిసెస్ క్వెల్.

"నాకా? నేనూ సిబిలూ ఒకే ఏడు కొలువులో చేరాం. మంగళవారం కూడా దానికోసం ప్రార్థన చేసుకుంటూ చర్చిలోనే ఉన్నాను." అడక్కుండానే చెప్పి వెళ్లిపోయింది.

పొద్దు వాలింది. డాక్టరు వచ్చాడు. మిసెస్ క్వెల్ అందరినీ గ్యాలరీకి పిలిపించి, దీపాలు పెట్టొద్దంది. ఎత్తు కుర్చీ వాళ్లకు వీపు పెట్టి, అవతలి తలుపుకేసి చూస్తోంది.

"డాక్టరుగారూ, లేడీ అడెలా చూసింది నిజం" అని మొదలుపెట్టింది. "ఆ దయ్యం ఎందుకు వెనక్కి నడిచింది? అదే నన్ను పట్టుకుంది. మనుషుల్ని భయపెట్టాలని వచ్చిన దొంగైతే పరుగెత్తుతుంది. పనిమనిషైతే పక్క తలుపులో దూరుతుంది. చీకట్లో, పొడుగు గౌనుతో, వెనక్కి నడుస్తూ గడప దాటాలంటే ఏళ్ల తరబడి కొలువు చేసిన కాళ్లు కావాలి. ఇక్కడున్న చెలికత్తెలు ఇద్దరు. అడెలా ఇవాళ్టికీ గడప తట్టుకుంటోంది."

లేడీ రొవెనా ముఖం పాలిపోయింది.

"ఇంకోటి. ఖాళీ కుర్చీకి ఎవరూ నమస్కరించరు, ఖాళీ కుర్చీ ముందు ఎవరూ వెనక్కి నడవరు. మంగళవారం వేడి ఇటుక ఈ గ్యాలరీకి కూడా వచ్చిందని టిబ్స్ చెప్పింది. అంటే ఆ వేళ కుర్చీలో మనిషి ఉంది. సిబిల్ బట్టల బీరువా తాళంచెవి కూడా ఆ మనిషి మెళ్లోనే ఉంది."

"నేను చెలికత్తెని" అంది రొవెనా. "కాదనడానికి నేనెవర్ని?"

"దాన్నేమీ అనకండి."

ఆ మాట కుర్చీలోంచి వచ్చింది. ఫ్రోబిషర్ కెవ్వుమన్నాడు. ఎత్తైన చెక్క వీపు వెనక రాజమాత అంతసేపూ కూర్చునే ఉంది.

"నేనే వేసుకోమన్నాను" అందామె. "సిబిల్ గొంతు మర్చిపోయాను. ముఖం కూడా పోతోంది. ఆ నడకొక్కటే మిగిలింది. రోజూ సాయంత్రం నన్నే చూస్తూ ఆ తలుపుదాకా వెళ్లేది. ఇంకొక్కసారి చూడాలనిపించింది. తర్వాత ఆపలేకపోయాను."

"మరి ఈ అమ్మాయిని పిచ్చిదంటుంటే?" మిసెస్ క్వెల్ గొంతులో కోపం దాగలేదు.

"నేనే దయ్యాన్ని పిలిపించుకుంటున్నానంటే దేశమంతా నవ్వదూ?"

డాక్టరు తన సంచీ మూసుకున్నాడు. అడెలా నెమ్మదిగా కుర్చీ ముందుకొచ్చింది.

"అద్దంలో నా ముఖం చూసుకోడానికి కూడా భయపడ్డానమ్మా. మీరు ఒక్క మాట అనుంటే సరిపోయేది."

అడెలా తన భుజం మీది కొలువు బిళ్లను విప్పి రాజమాత ఒళ్లో పెట్టింది. మోకాళ్లు వంచలేదు. తిరిగింది. రాజమాతకు వీపు పెట్టి, గ్యాలరీ పొడుగునా నడుచుకుంటూ వెళ్లింది. రొవెనా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ముందుకు నడుస్తుంటే ఆ గడప అడెలాకు అడ్డం రాలేదు. ఒక్కసారైనా వెనక్కి చూడలేదు.

"వెనక్కి పిలిపించమంటారా?" అంది రొవెనా.

"వద్దు. కొలువులో ఉన్నవాళ్ల వీపు చూడడం నా జన్మలో ఇదే మొదటిసారి."

టిబ్స్ పక్క తలుపులోంచి దీపం పట్టుకొచ్చింది. రాజమాత అడెలా వెళ్లిన తలుపుకేసే చూస్తూ చెయ్యెత్తి ఆపింది.

"ఇంకాసేపు చీకటిగానే ఉండనీ" అంది.