నీళ్ల గొట్టంలో మనిషి

దేవుడి దయవల్ల మీరంతా చల్లగా ఉండాలి. కాస్త దగ్గరికి జరగండి, ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

అది సెలవు రోజు మధ్యాహ్నం. ల్యాబులో చిట్టి ఒక్కతే ఉంది. ఇంట్లో చిన్నది కాబట్టి ముప్పై దాటినా చిట్టే. రక్తపు చుక్కలోంచి డీఎన్ఏ తీసి, కేన్సర్ ముప్పు తెచ్చే తేడా ఏదైనా అమ్మానాన్నల నుంచి దిగివచ్చిందేమో చూడటం ఆ ల్యాబు పని. కొత్త యంత్రం వచ్చింది. పని మొదలుపెట్టేలోపు దాన్ని ఒకసారి పరీక్షించాలి.

అందుకు మూడు గొట్టాలు కావాలి. ఒకదానిలో తేడా ఉందని తెలిసిన నమూనా. ఒకదానిలో తేడా లేని నమూనా. మూడోదానిలో ఉత్త నీళ్లు. నీళ్లలో ఏమీ కనిపించకూడదు. కనిపించిందంటే బయటిదేదో వచ్చి పడిందన్నమాటే.

తేడా లేని నమూనా అయిపోయింది. ఇలాంటప్పుడు ల్యాబువాళ్లు చేసే పనే చిట్టీ చేసింది. వేలు పొడుచుకుని తన రక్తమే పెట్టింది. తన రక్తంలో తేడా లేదన్న ధైర్యం ఎక్కడిదంటారా? అక్క ఇచ్చింది. అమ్మ పోయేనాటికి చిట్టి చిన్నపిల్ల. పెంచింది అక్కే. ఈమధ్య రొమ్ములో బఠాణీ గింజంత గడ్డ తగిలితే, చిట్టి అక్కనే అడిగింది.

"మన ఇంట్లో ఎవరికైనా ఇలాంటివి ఉన్నాయా అక్కా? అమ్మ దేంతో పోయింది?"

"అమ్మది గుండెజబ్బే. మనవాళ్లకు నోటి దురుసు తప్ప వేరే రోగం లేదు," అని అక్క నవ్వేసింది. చిట్టీ నవ్వింది. ఇక డాక్టరు గడప తొక్కలేదు.

యంత్రం తెర వెలిగింది. నీళ్లు ఖాళీ. మంచిదే. తెలిసిన నమూనాలో తేడా ఉంది.

చిట్టి రక్తంలోనూ ఉంది.

"నీ మొహం! గొట్టాలు తారుమారు చేసుంటావు," అని తనను తానే తిట్టుకుంది. చేతి తొడుగులు మార్చి, బల్ల తుడిచి, అన్నీ మొదటినుంచీ చేసింది.

ఆ గదికి కిటికీలు లేవు. గొట్టాల మూతలు తీసిందో లేదో, దీపాలు పోయాయి. బ్యాటరీ మీద యంత్రం ఒక్కటే సన్నగా మూలుగుతోంది. స్పిరిట్ వాసనలోకి ఇంకేదో వాసన దూరింది... చాన్నాళ్లు మంచం పట్టిన మనిషి గదిలో వచ్చే వాసన. మందులు. తడి దుప్పటి. దాని అడుగున ఏదో కుళ్లు.

వెనక నుంచి ఎవరో భుజం మీదుగా ఒంగారు.

తెరిచిన గొట్టం మీద మాట్లాడకూడదు, నోటి తుంపర అందులో పడుతుంది. పనిలో చేరిన రోజే నేర్పే సంగతి అది. చిట్టి పెదాలు బిగించుకుంది. వెనకున్న మనిషికి ఆ సంగతి తెలియదు.

"చిట్టీ..." చెవి పక్కన తడి ఊపిరి. "చాల్లేవే... ఇంక చూడకు..."

దేవుణ్ణి తలుచుకోబోయింది. పేరు నోటికి రాలేదు.

దీపాలొచ్చాయి. ఎవరూ లేరు. మూతలు బిగించి, గొట్టాలు యంత్రంలో పెట్టి, కూర్చుంది. కూర్చునే ఉంది.

తన రక్తంలో తేడా అలాగే ఉంది. ఈసారి నీళ్లు ఖాళీగా లేవు. నీళ్లలో ఒక మనిషి ఉంది. ఆడమనిషి. అదే తేడా. తన డీఎన్ఏ పక్కన పెట్టి చూస్తే, చూసిన ప్రతిచోటా సగం కలిసింది. అక్కాచెల్లెళ్లకు అలా రాదు. తల్లీబిడ్డలకే వస్తుంది.

చిట్టికి పిల్లల్లేరు.

ఊరికి ఆ చివరనున్న అక్కకు ఫోన్ చేసింది.

"అమ్మ దేంతో పోయిందక్కా?"

"మళ్లీ అదేనా? గుండె అని చెప్పానుగా..."

"నా రక్తం చూసుకున్నాను."

అటువైపు ఏడుపు. "ఎవరు చూసుకోమన్నారే నిన్ను! రొమ్ము కేన్సరే అమ్మది. నాకూ ఉందే ఆ తేడా. పోయినేడాది ఆపరేషన్... పిత్తాశయంలో రాళ్లని నీకు అబద్ధం చెప్పానే. ముందుజాగ్రత్తగా అండాశయాలు తీయించేసుకున్నా. రొమ్ములు కూడా ఆర్నెల్లకోసారి చూపించుకుంటున్నా."

"నువ్వు చూపించుకుంటున్నావు. నాకు గడ్డ తగిలిందంటే నవ్వావు."

"అమ్మ ఒట్టేయించుకుందే! చిన్నది పిరికిది, తెలిస్తే బెంగతోనే పోతుంది, చెప్పొద్దు అంది."

"నీకు బతుకు, నాకు ఒట్టా అక్కా?"

"ఉండు... తలుపు ఎవరు తీశారు?"

తడి గుడ్డ నేల మీద ఈడ్చుకొస్తున్న చప్పుడు చిట్టికి ఫోన్‌లో వినిపించింది. మెల్లగా... దగ్గరగా...

"నేను చెప్పలేదమ్మా," అంది అక్క, దెబ్బలకు భయపడే పిల్లలా. "నేను కాదమ్మా, అదే చూసుకుంది..."

మాట మధ్యలోనే తెగిపోయింది.

"అక్కా? అక్కా!"

ఊపిరి వినిపించింది. తడి ఊపిరి.

"అక్క పడుకుందే చిట్టీ. నువ్వూ వచ్చి పడుకో."