కిటికీలకు కొట్టిన బొమ్మలు

తుఫాను వస్తోందని రేడియోలో చెప్పిన రోజు పొద్దున్నే నా బొమ్మల్ని కిటికీలకు అడ్డంగా మేకులతో కొట్టేశాను. కొట్లో చెక్కలు ముందురోజే అయిపోయాయి. ముందే కొని పెట్టుకోమని ఊరంతా చెప్పింది. నేను వినలేదు. నేను మొండివాణ్ణని కరియాకూ దీవిలో మేకలకు కూడా తెలుసు. అయినా ఇంటినిండా చెక్కలుండగా మళ్ళీ కొనడం ఎందుకు? నేను బొమ్మలు వేసేది గుడ్డ మీద కాదు. పడవలు కట్టగా మిగిలిన ప్లైవుడ్ మీద, పడవలకు పూయగా మిగిలిన రంగులతో.

పడవలకు రంగు వేయడమే నా అసలు పని. పడవ వెనక పేరు రాయాలంటే అక్షరాలు రావాలి. పగలంతా పనిచేసి, రాత్రిపూట ఒక టీచరమ్మ ఇంట్లో దీపం ముందు కూర్చుని నేర్చుకున్నాను. అప్పటికే నాకు మీసాలు. మొట్టమొదట నేర్చుకున్న పేరు మా తమ్ముడిది. నెవ్లిన్. వాడు సముద్రంలో పోయిన ఏడాది అది. ఎప్పటికైనా వాడి సమాధిరాయి మీద ఆ పేరు నా చేత్తోనే రాయాలని.

నా బొమ్మలన్నీ జ్ఞాపకాలే. వీధి కిటికీకి కొట్టిన దాంట్లో సంత ఉంది. ఆడవాళ్ళు బుట్టల ముందు కూర్చుని పోట్లాడుకుంటున్నారు. వంటగది కిటికీకి కొట్టిన దాంట్లో కొత్త పడవను ఊరంతా తాళ్ళు కట్టి నీళ్ళలోకి లాగుతోంది. సముద్రం వైపు కిటికీ పెద్దది. దానికి పెద్ద బొమ్మ కొట్టాను. తెల్ల తెరచాప పడవ, చుక్కాని పట్టుకుని నవ్వుతున్న నా స్నేహితుడు లాంబర్ట్. మూడు బొమ్మల్లోనూ ఎక్కడో ఒకచోట ఎర్ర చొక్కా వేసుకుని, మనకు వీపు తిప్పి మా తమ్ముడుంటాడు. వాడి మొహం నేను మరిచిపోయాను. అందుకే ఎప్పుడూ వీపే వేశాను.

“ఒరే ఉల్రిక్, రంగు వైపు లోపలికి తిప్పి కొట్టరా,” అన్నాడు లాంబర్ట్ మేకులు అందిస్తూ. “బయటికి పెడితే వాన కడిగేస్తుంది. నీ బొమ్మలన్నిట్లో చూడదగ్గ మొహం నాదొక్కటే. అదీ పోతే నీ బొమ్మలెవడు కొంటాడు?”

“వాన కడిగితే ఆ మొహం కాస్త బాగుపడుతుందేమోలే.”

లాంబర్ట్ పగలబడి నవ్వాడు. చివరికి వాడన్నట్టే రంగు వైపు లోపలికి తిప్పి కొట్టాను. వాడు నాకు చిన్ననాటి నుంచీ స్నేహితుడు, నా కూతురికి జ్ఞానస్నానంలో తండ్రిగా నిలబడ్డవాడు, ఆదివారం వచ్చిందంటే మా ఇంట్లోనే భోజనం. వాడి కుడిచేతి ఉంగరపు వేలు సగానికి తెగిపోయి ఉంటుంది. తెరచాప తాడు లాగుతుంటే కప్పీలో పడి పోయిందది. వాడూ మా తమ్ముడూ కలిసి దొంగసారా తెచ్చేవాళ్ళు, పై దీవుల నుంచి. ఒకసారి వాడొక్కడే తిరిగొచ్చాడు. పెద్ద అల వచ్చి నెవ్లిన్‌ని లాక్కుపోయిందని, తను దూకి తెల్లారేదాకా వెతికానని చెప్పి నా కాళ్ళ దగ్గర కూలబడి ఏడ్చాడు. వాణ్ణి లేపి నేనే ఓదార్చాను. అందుకే పెద్ద బొమ్మలో వాణ్ణి చుక్కాని దగ్గర కూర్చోబెట్టాను. దేవుడి పక్కన కూర్చోబెట్టినంత గౌరవంగా.

మా దీవిలో పోయినవాళ్ళు కలలోకి వచ్చి రాయి అడుగుతారు. అడిగితే పెట్టాలి. సమాధి మీద రాయి నిలబెట్టి, ముందురోజు ఒక గదిలో తెల్లగుడ్డ పరిచి పెద్దల కంచం పెట్టాలి. ఉప్పు లేకుండా వండాలి. వాళ్ళు తినేదాకా బతికున్నవాళ్ళు ముట్టకూడదు. మా తమ్ముడు నీళ్ళోడుతున్న చొక్కాతో ఎన్నోసార్లు కలలోకి వచ్చాడు. వచ్చినప్పుడల్లా లాంబర్ట్‌కి చెప్పేవాణ్ణి. “శవమే లేదు, రాయి దేనిమీద పెడతావురా? ఊళ్ళోవాళ్ళు నవ్వుతారు,” అనేవాడు. వాడి మాట విని ఆగేవాణ్ణి. ఈసారి వినలేదు. రాయి తెప్పించి పెరట్లో పెట్టాను. మర్నాడే నిలబెట్టాలి. ఇంతలో తుఫాను.

పక్కింటి ఇడోరా కంచంలోకి వండినవన్నీ తెచ్చింది. మొక్కజొన్న సంకటి, కందులు, కాల్చిన చేప, ఒక గ్లాసు రమ్ము.

“చర్చికి పోదాం రా, ముసలాడా. అక్కడ గోడలు గట్టివి.”

“కంచం పెట్టి ఇల్లు వదిలి పోతానా?”

“గాలి నిన్నూ నీ కంచాన్నీ కలిపి ఎత్తుకుపోతుంది. అప్పుడు నీకెవరు పెడతారు కంచం?” అని తిట్టుకుంటూ వెళ్ళిపోయింది. లాంబర్ట్ మాత్రం ఉండిపోయాడు. వాడి ఇంటికి రేకుల కప్పు. నాది సిమెంటుది.

మధ్యాహ్నానికి తలుపు గడియ పెట్టాం. పట్టపగలే ఇల్లు నూతిలా చీకటైపోయింది. చెక్కల సందుల్లోంచి సన్నటి బూడిదరంగు గీతలు. కిరసనాయిలు వాసన, తడి చెక్క వాసన, వేడెక్కిన పాత రంగు వాసన. బయట గాలి మొదట ఈల వేసింది, తర్వాత మూలిగింది, ఆ తర్వాత దాన్ని ఏమనాలో నాకు తెలియలేదు. కొబ్బరిచెట్లు ఒకటొకటే విరుగుతుంటే కాళ్ళకింద నేల అదిరింది.

లాంబర్ట్ లేచి గది మధ్యలో ఉన్న కంచం దగ్గరికి వెళ్ళడం లీలగా కనిపించింది.

“లాంబర్ట్, ముట్టుకోకు.”

“చచ్చినవాడికి ఆకలేమిట్రా? అదీ ఇన్నేళ్ళ తర్వాత.” చేప ముక్క తుంచి నోట్లో వేసుకున్నాడు. “థూ. ఉప్పే లేదు.”

ఒళ్ళు మండిపోయింది. కానీ తుఫానులో స్నేహితుణ్ణి బయటికి గెంటలేం కదా. కోపంతో అటు తిరిగి గోడకు ఆనుకుని కూర్చున్నాను. వాడు వచ్చి నా పక్కన చేరాడు.

సందుల్లో వెలుగు కూడా పోయింది. గాలి హోరులో ఎంతసేపు గడిచిందో తెలియదు. కాసేపటికి ఆ హోరు కింద ఇంకో చప్పుడు వినిపించింది.

నములుతున్న చప్పుడు.

నెమ్మదిగా. నోరు మూసుకుని. చాలా ఆకలిమీద ఉన్నవాడు పద్ధతిగా తింటున్నట్టు.

“సిగ్గులేదురా నీకు? మళ్ళీ తింటున్నావా?” అన్నాను.

జవాబు నా చెవి పక్కనుంచే వచ్చింది. గుసగుసగా.

“నేను... ఇక్కడే ఉన్నానురా.”

నములుడు ఆగింది. గ్లాసు ఎత్తిన చప్పుడు. దించిన చప్పుడు.

అగ్గిపుల్ల మూడోసారికి గానీ వెలగలేదు. లాంతరు వెలిగించాను. గదిలో మేమిద్దరమే. కంచం ఖాళీ. కంచం చుట్టూ తెల్లగుడ్డ తడిసిపోయి ఉంది. వేలు అద్ది నాలుక మీద పెట్టుకున్నాను. ఉప్పు. సముద్రపు ఉప్పు.

“కప్పు కారుతోందేమో...” అన్నాడు లాంబర్ట్.

కప్పు వైపు చూద్దామని లాంతరు ఎత్తాను. వెలుగు సంత బొమ్మ మీద పడింది. ఆడవాళ్ళున్నారు. బుట్టలున్నాయి. అరుగు మీద ఎర్ర చొక్కా లేదు. అది ఉండాల్సిన చోట ఉత్త చెక్క.

వంటగది వైపు నడిచాను. పడవ లాగుతున్న జనం మధ్య, తాడు చివర... ఎర్ర చొక్కా లేదు.

“అటు పోకురా,” అన్నాడు లాంబర్ట్. “పెద్దదాని దగ్గరికి పోకు.”

వెళ్ళాను. పడవ ముందుభాగంలో తమ్ముడు కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. వెనక లాంబర్ట్ నవ్వుతూనే ఉన్నాడు. పడవ అంచు మీద ఏవో నల్లగా కనిపించాయి. లాంతరు దగ్గరగా పెట్టాను.

నాలుగు వేళ్ళు.

నీళ్ళలోంచి ఎవరో అంచు పట్టుకుని వేలాడుతున్నట్టు. నేను వేసినవి కావు. గోళ్ళు తెల్లబడి ఉన్నాయి, అంత గట్టిగా పట్టుకున్నాయి. వాటి కింద చెక్క చెమర్చి, నీళ్ళు గోడ మీదుగా కారుతున్నాయి.

లాంబర్ట్ తనంతట తానే మొదలుపెట్టాడు. మోకాళ్ళ మధ్య తల దాచుకుని, పిల్లాడిలా.

“తెరచాప దుంగ తగిలి పడ్డాడు... నేను తొయ్యలేదు. ఒట్టు, నేను తొయ్యలేదురా... అంచు పట్టుకున్నాడు. పోలీసు బోటు దీపం కనిపిస్తోంది. అరవొద్దురా అన్నాను. వినలేదు. అరిచాడు.”

“ఏమని?”

“నీ పేరే. ‘ఉల్రిక్ అన్నా’ అని.” తల ఎత్తాడు. మొహంలో ఏడుపుతోపాటు ఎప్పటిదో విసుగు కూడా ఉంది. “నువ్వు పడవలో లేవు కదా. ఉన్నది నేను. నిన్నెందుకు పిలవడం? తాళ్ళు నరికే చిన్న గొడ్డలి చేతికి తగిలింది...”

నా ఇంట్లో తిన్న ఆ ఆదివారాలన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. వడ్డించేటప్పుడు వాడికి ఎప్పుడూ పెద్ద ముక్కే వేసేవాణ్ణి. రాయి పెడతానన్న ప్రతిసారీ వద్దన్న ఆ నోరు గుర్తొచ్చింది. కొట్టడానికి చెయ్యి లేవలేదు. ఆ మొహానికి నేనెంత ఓపిగ్గా రంగులు దిద్దానో... దానిమీదే నా చూపు ఆగిపోయింది.

అప్పుడు గాలి ఆగింది.

కత్తితో కోసినట్టు ఆగింది. తుఫాను కన్ను మా మీదికి వచ్చిందని ఇద్దరికీ తెలుసు. చెవుల్లో గుయ్యిమనే నిశ్శబ్దం. ఆ నిశ్శబ్దంలో పెద్ద బొమ్మ వెనక నుంచి తట్టారు. కింది అంచు దగ్గర. నీళ్ళలో ఉన్నవాడికి ఎంత ఎత్తు అందుతుందో, అంత ఎత్తులో.

టక్. టక్.

“అన్నా... చెయ్యందించు.”

మొహం మరిచిపోయాను గానీ, గొంతు మరిచిపోలేదు.

తలుపు వైపు పరిగెత్తాను. లాంబర్ట్ నాకంటే ముందు లేచి, నన్ను రెండు చేతులతో తోసి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాడు. నేను వెల్లకిలా పడ్డాను. లాంతరు పగిలి ఆరిపోయింది.

“తియ్యనివ్వను... తియ్యనివ్వనురా...”

చీకట్లో వాడి ఊపిరి వినిపిస్తోంది. తర్వాత వాడి ఊపిరికి పక్కనే ఇంకో ఊపిరి. తడిగా. గొంతులో నీళ్ళున్నట్టు.

“ఉప్పు సరిపోయిందా, లాంబర్ట్?” అంది ఆ గొంతు మెల్లగా.

లాంబర్ట్ అరవలేదు. అరిచే వీలు లేనట్టు ఒక గుటక మాత్రం వినిపించింది. ఆ వెంటనే గాలి రెండోవైపు నుంచి వచ్చి ఇంటిని గుద్దింది.

సాయంత్రం అది తగ్గాక ఇడోరా వచ్చి తలుపు బాదింది. నేను లేచి గడియ తీశాను. గడియ లోపలినుంచి వేసింది వేసినట్టే ఉంది. తలుపు దగ్గర లాంబర్ట్ చెప్పులున్నాయి, నిండా నీళ్ళతో. వాడు లేడు. ఊరంతా వెతికింది. బావులు, చెలమలు, ఒడ్డు, అన్నీ వెతికారు. గాలి తీసుకుపోయిందని చివరికి రాసుకున్నారు.

రాయి నేనే నిలబెట్టాను. నెవ్లిన్ పేరు నా చేత్తోనే రాశాను. ఆ తర్వాత తమ్ముడు మళ్ళీ కలలోకి రాలేదు. లాంబర్ట్ వస్తున్నాడు. నీళ్ళోడుతూ గుమ్మం దగ్గర నిలబడి రాయి అడుగుతున్నాడు. పెట్టనని చెప్పాను. ఇంకెన్నిసార్లు అడిగినా పెట్టను.

చిన్న కిటికీల చెక్కలు తీసేశాను. పెద్ద బొమ్మను మాత్రం అలాగే ఉంచాను. తగలబెట్టమని ఇడోరా రోజూ పోరుతుంది. ఇప్పుడందులో చుక్కాని పట్టుకుని కూర్చున్నది ఎర్ర చొక్కా మనిషి, వీపు మనవైపు తిప్పి. పడవ అంచు మీద వేళ్ళు అలాగే ఉన్నాయి. కాకపోతే వాటిల్లో ఉంగరపు వేలు సగమే ఉంది.

ఎర్ర చొక్కా మనిషి తల కొంచెం కొంచెంగా ఇటు తిరుగుతోంది. పోయిన వారం చెవి కనిపించింది. మొన్న దవడ. మరిచిపోయిన మొహం ఒక్కసారి చూద్దామనే దాన్ని తగలబెట్టలేదు. వాడు పిలిచింది నన్ను. ఇన్నేళ్ళూ ఈ ఇంట్లో నవ్వుతూ వేలాడింది వాణ్ణి నరికినవాడి బొమ్మ. వాడు ఇటు తిరిగి నన్ను అన్నలా చూస్తాడో, ఇంకెలా చూస్తాడో తెలియదు.

ఇవాళ పొద్దున లేచి చూస్తే పడవ అంచు మీది ఆ తెగిన వేలి చెయ్యి పక్కకు జరిగి ఉంది. అది జరిగిన చోట రంగు లేదు, ఉత్త చెక్క, ఇంకా తడిగా.

చెయ్యి ఆనించి చూశాను. నా నాలుగు వేళ్ళకు సరిగ్గా సరిపోయింది.