ఒంటికాలి క్లాసు

టేబుల్ తుమ్మింది.

లాప్‌టాప్ తెర మీద చిన్న చిన్న పెట్టెల్లో పన్నెండు మంది పెద్దవాళ్లు ఒంటికాలి మీద నిలబడి, వందలోంచి మూడేసి తగ్గిస్తూ పైకి లెక్క చెబుతున్న సమయమది. అందరి లెక్కా ఆగిపోయింది. క్లాసు నడిపే ఫిజియోథెరపిస్ట్ అమ్మాయి చేతులు కట్టుకుంది.

"అమ్మమ్మగారూ, మీ టేబుల్‌కి జలుబు చేసినట్టుందే!"

కుర్చీ పట్టుకుని నిలబడ్డ అమ్మమ్మ, ఆ కుర్చీని టేబుల్‌కి అడ్డంగా జరిపింది.

"దానికి లెక్కలు కూడా బాగానే వచ్చులెండి. జవాబులన్నీ కిందనుంచే వినిపిస్తున్నాయి. బయటికి రమ్మనండి."

మనవడు బయటికి వచ్చాడు. వస్తూ వస్తూ తల టేబుల్‌కి కొట్టుకున్నాడు కూడా. లిఫ్ట్ మెకానిక్ అతను. ఎనిమిదో అంతస్తులో లిఫ్టు పైకప్పు మీద నిలబడి ఈలవేస్తూ బోల్టులు బిగించేవాడు, ఇప్పుడు పన్నెండు మంది ముసలివాళ్ల ముందు బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"మూడు వారాలుగా ఆవిడకి జవాబులు అందిస్తున్నది మీరేనా?"

"అందించడం కాదండీ... కాస్త గుర్తు చేస్తున్నా."

"మీరు గుర్తు చేసినవి విని, ఆవిడ బాగా మెరుగయ్యారనుకుని లెవెల్ పెంచేశాను. రేపటి నుంచి కుర్చీ కూడా వదిలించేదాన్ని. పడిపోతే? మీ చొక్కా మీద బొమ్మ ఉందే, ఆ లిఫ్టు వచ్చి లేపుతుందా?"

అతను చొక్కా మీది బొమ్మని చేత్తో కప్పుకున్నాడు. కోపం వస్తే ఆమె ముక్కు కొస ఎర్రబడుతుందని ఆ తిట్ల మధ్యలోనే గమనించాడు. గమనించినందుకు తన మీద తనకే చిరాకు వేసింది.

అసలు సంగతి ఏమిటంటే, అయిదు నెలల కిందట అమ్మమ్మ బాత్రూంలో జారిపడింది. దెబ్బ పెద్దది కాదు. కానీ ఆ రోజు నుంచీ అమ్మ వీధి తలుపుకి తాళం వేసి, తాళంచెవి తన హ్యాండ్‌బ్యాగులో వేసుకుంటోంది. "నువ్వు కూతురివా, జైలరువా?" అని అమ్మమ్మ రోజూ దెబ్బలాట. ఆఖరికి ఒక ఒప్పందం కుదిరింది. ఎనిమిది వారాల ఆన్‌లైన్ క్లాసు పూర్తిచేసి పరీక్ష నెగ్గితే తాళంచెవి అమ్మమ్మది.

చిక్కల్లా ఒకటే. కాలు నిలిస్తే ఆవిడకి లెక్క పోయేది, లెక్క కుదిరితే కాలు తూలేది. రెండూ ఒక్కసారే చెయ్యాలన్నది ఆ క్లాసు నియమం. మనవడు ఆగలేక టేబుల్ కింద దూరాడు.

"శిక్ష వినండి," అంది టీచరమ్మ. "రేపటి నుంచి మీరూ ఆవిడ పక్కన నిలబడి చెయ్యాలి. కెమెరా ముందు!"

మర్నాడు అతను ఒక కాలు ఎత్తాడు. "తొంభై ఏడు, తొంభై నాలుగు... తొంభై..." అంటూనే సోఫాలో కూలబడ్డాడు. పెట్టెలన్నీ పకపకా నవ్వాయి.

"తొంభై ఒకటిరా వెధవా! తర్వాత ఎనభై ఎనిమిది!" అమ్మమ్మ కసిరింది.

టీచరమ్మ గట్టిగా చప్పట్లు కొట్టింది. "అమ్మమ్మగారూ! లెక్క చెప్పారు, కాలూ కదల్లేదు. చూసుకున్నారా?"

ఆ రోజు నుంచీ మనవడి తప్పులు దిద్దడమే అమ్మమ్మకి మందయింది. దిద్దుతూ దిద్దుతూ ఆవిడ భయం సంగతే మర్చిపోయేది. పాపం, అతను కావాలని తప్పులు చెయ్యాల్సిన అవసరం ఒక్కరోజు కూడా రాలేదు.

"మెకానిక్‌గారూ, డెబ్భై దగ్గర మళ్లీ తూలారు. కదలని వస్తువు వైపు చూడమని చెప్పానా?"

"అలాగే చూశానండీ. మీరు కదల్లేదు."

పెట్టెల్లో ఎవరో దగ్గారు. ఆమె ముక్కు కొస ఎర్రబడింది. ఈసారి మాత్రం కోపం కాదు.

ఒకరోజు జోరున వాన. నెట్ తెగిపోయింది. ఆమె బొమ్మ ఒంటికాలి మీద, నవ్వు మధ్యలో ఆగిపోయింది. అతను గుడ్లప్పగించి చూస్తూ కూర్చున్నాడు.

"ఇంక చాల్లేరా," అంది అమ్మమ్మ. "ఆ పిల్లకి కాలు నొప్పెడుతుంది. అంత ఇష్టమైతే అడిగెయ్యి."

"ఏమని అడగను? తెర మీద తప్ప మనిషిని చూసిందే లేదు. పైగా మొదటి రోజే దొంగగా దొరికిపోయాను."

అమ్మమ్మ వాడి వైపు జాలిగా చూసింది.

పరీక్ష రోజు వచ్చింది. అమ్మ బ్యాగు ఒళ్లో పెట్టుకుని లాప్‌టాప్ ముందు కూర్చుంది. "మెకానిక్‌గారు గది బయట ఉండాలి," అంది టీచరమ్మ. అతను తలుపుకి చెవి ఆనించి, తెలియకుండానే ఒక కాలు ఎత్తి నిలబడ్డాడు.

ముందు ఒక అడ్రసు చెప్పి గుర్తుంచుకోమంది. తర్వాత కుర్చీ వదిలేసి ఒంటికాలి మీద పది సెకన్లు నిలబడి లెక్క చెప్పాలి. ఆ తర్వాత అడ్రసు అప్పజెప్పాలి.

"తొంభై ఏడు... తొంభై నాలుగు... తొంభై ఒకటి..." అమ్మమ్మ ఆగింది. ఒక్క క్షణం ఏమీ వినిపించలేదు. అతను ఎత్తిన కాలు దించలేదు. "ఎనభై ఎనిమిది! ఎనభై అయిదు! ఎనభై రెండు!"

"పద్నాలుగు సెకన్లు!" టీచరమ్మ కేక వేసింది. "ఇప్పుడు అడ్రసు చెప్పండి."

"మూడో వీధి, పాత అచ్చాఫీసు పక్కన, పచ్చ గేటు, నాలుగో అంతస్తు."

అతను తలుపు తోసుకుని లోపలికి పరుగెత్తాడు. అమ్మ కళ్లు తుడుచుకుంటూ తాళంచెవి తీసి ఇచ్చింది. "జాగ్రత్తమ్మా..."

"నీకు నడక నేర్పిందెవరే?" అంది అమ్మమ్మ.

మర్నాడు పదింటికి ఆవిడ ఒక్కతే బయల్దేరింది. పన్నెండు దాటినా రాలేదు. ఫోను సోఫాలోనే ఉంది. అమ్మ కాలుగాలిన పిల్లిలా తిరుగుతుంటే, అతను బండి తాళాలు వెతుకుతున్నాడు. ఇంతలో వీడియో కాల్ వచ్చింది. తెర మీద టీచరమ్మ, ఆమె వెనక సోఫాలో దర్జాగా అమ్మమ్మ!

"మెకానిక్‌గారూ, అమ్మమ్మగారు మా ఇంట్లో ఉన్నారు," అంది, నవ్వు ఆపుకుంటూ. "తప్పు నాదే. పరీక్ష కోసం కొత్త కొత్త అడ్రసులు కల్పించీ కల్పించీ విసిగిపోయి, నిన్న మా ఇంటిదే చెప్పేశాను."

"ఈ పిల్ల వెనక కిటికీలో మన పేట అచ్చాఫీసు బోర్డు రోజూ చూస్తున్నదేగా, అడ్రసు వినగానే పోల్చుకున్నా. లిఫ్టు పాడైందిరా! నాలుగంతస్తులూ మెట్లెక్కే వచ్చా," వెనకనుంచి అమ్మమ్మ కేక వేసింది. "నిన్ను నమ్ముకుంటే ఏళ్లు పడుతుందని నేనే వీళ్లమ్మతో మాట్లాడేశా. నిన్ను చూస్తారట. మీ అమ్మని కూడా తీసుకురా!"

అరగంటలో అతను నాలుగంతస్తులూ ఒక్క ఊపులో ఎక్కాడు. గుమ్మంలో ఆమె నిలబడి ఉంది, తెర లేకుండా, చేయి చాస్తే అందేంత దగ్గర్లో.

"మా అమ్మా, మీ అమ్మమ్మగారూ మాట్లాడేసుకున్నారు," అంది ఆమె. "మీరే మిగిలారు."

"మీరంటే నాకు చాలా ఇష్టం. రోజూ క్లాసు ఎప్పుడు అయిపోతుందా అని కాదు, ఎప్పుడు మొదలవుతుందా అని చూసేవాణ్ణి."

"నేనూ అంతే," అంది ఆమె. అని సిగ్గుతో లోపలికి పారిపోలేదు. అక్కడే నిలబడి అతని చెయ్యి పట్టుకుంది.

అప్పటికి అమ్మ రెండో అంతస్తు మెట్ల మీద రొప్పుతూ కూర్చుంది. పైనుంచి అమ్మమ్మ ఒక్కో మెట్టూ దిగి వచ్చింది. అమ్మ కంగారుగా లేచి ఆవిడ చెయ్యి అందుకోబోయింది.

"ఆ, పట్టుకోవే," అంది అమ్మమ్మ. "లేకపోతే పడిపోతావు."

అమ్మ నిజంగానే గట్టిగా పట్టుకుంది.