వెంట్రుక మందం తేడా

అచ్యుతరామయ్య మెట్లెక్కి వచ్చేసరికి కోపంతో మొహం కందగడ్డలా ఉంది. పూర్ణా మార్కెట్లో మసాలా దినుసుల కొట్టు మీది గదే డిటెక్టివ్ వరహాలమ్మ ఆఫీసు. ఆ ఘాటుకి రెండు తుమ్ములు తుమ్మాక గానీ ఆయనకి మాట పెగల్లేదు.

"నన్ను దొంగదెబ్బ తీశాడండి. ఎవడో నాకు తెలుసు. సాయంత్రం పోలీసు కంప్లయింటు ఇస్తాను. రుజువు మీరు పట్టివ్వాలి."

"పేరు మీరే సెప్పేత్తే ఇంక నాకేటి పని బాబూ?" అంది వరహాలమ్మ.

అసిస్టెంటు శ్రీసత్య నవ్వాపుకుంది. చేరి రెండేళ్లయినా మేడమ్ వేసే మొదటి ప్రశ్నంటే ఆమెకి ఇప్పటికీ ముచ్చటే.

సంగతి ఇదీ. ఆటోనగర్‌లో ఆయనకి ఇనుము చెక్కే లేతు మిషన్ల కార్ఖానా ఉంది. క్రేన్ల కోసం ఎనిమిది ఉక్కు పిన్నులు చేసి పంపితే, ఒక్కటీ కన్నంలో దూరక అన్నీ తిరిగొచ్చాయి. చేసింది మొహియుద్దీన్, ఇరవై రెండేళ్లుగా అక్కడే పనిచేస్తున్న మనిషి. పక్క కార్ఖానావాళ్లు అతన్ని పిలుస్తున్నారని ఆయన చెవిన పడింది. ఇంకేముంది, పోతూ పోతూ కావాలనే పని చెడగొట్టాడని తీర్మానించేసి, అందరి ముందూ "ద్రోహి" అనేశాడు.

గంటలో కార్ఖానాకి చేరారు. పోయిన వారం విశ్వకర్మ పూజ తాలూకు పసుపు కుంకుమ బొట్లు లేతులకీ, ఫ్యానుకీ, ఆఖరికి స్టాప్లర్‌కీ ఉన్నాయి.

"ఈయన భక్తి నుంచి స్టాప్లర్ కూడా తప్పించుకోలేదు మేడమ్," అంది శ్రీసత్య.

"నవ్వకు. రాసుకో."

మొహియుద్దీన్ గోడవార నిలబడి ఉన్నాడు. నిన్నటినుంచి అన్నం ముట్టలేదని మొహమే చెబుతోంది.

"పక్కోళ్లు పిలిసింది నిజమేనా బాబూ?"

"నిజమే మేడమ్. రానని సెప్పేసినాను."

"పిన్నులు లావైనాయని నీకు తెలీదా?"

"అనుమానం వచ్చింది. సేతికే తెలుస్తాది కదా! సార్‌కి మూడుసార్లు సెప్పినాను. పని ఎగ్గొట్టడానికి సాకులన్నారు. మందం కొలిసే మైక్రోమీటరు సారే క్యాబిన్లో సెట్ సేసి ఇస్తారు. దాని స్క్రూ మేం ముడితే ఫైను."

"ఎనిమిదీ నువ్వే సేసినావా?"

"ఆరే. రెండు అర్జునరావు సేసినాడు."

అర్జునరావు యజమానికి మేనల్లుడు. తలొంచుకుని అవునన్నాడు. అచ్యుతరామయ్య ఉలిక్కిపడ్డాడు. అది ఆయన అడగనే లేదు.

వరహాలమ్మ ఎదురు కార్ఖానా నుంచి ఇంకో మైక్రోమీటరు తెప్పించి ఎనిమిదీ కొలిపించింది. తర్వాత యజమాని బీరువా తెరిపించి లోపలికి తొంగిచూసింది. ఆపైన అందర్నీ క్యాబిన్ ముందుకి పిలిచింది. శ్రీసత్య నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పింది. మేడమ్ కొంగు బిగించిందంటే కేసు తేలిపోయినట్టే.

"ఎనిమిదీ ఒకేలాగ లావు. సరిగ్గా వెంట్రుక మందం. కక్షతో సెడగొట్టినోడు ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ సేత్తాడు గానీ ఇంత పొందిగ్గా సేత్తాడేటి? పైగా ఇద్దరు మనుసులు, ఒకటే తప్పు. అంటే తప్పు సేతుల్లో లేదు, కొలతలో ఉంది."

బీరువాలోంచి బొటనవేలంత ఉక్కు కడ్డీ తీసింది. మైక్రోమీటరు దవడల మధ్య దీన్ని పెట్టి, అంకె సరిగ్గా యాభై మిల్లీమీటర్లు చూపేలా సరిచేసుకుంటారు. దాని కొసన పచ్చగా ఎండిపోయిన బొట్టు ఉంది.

"పూజ రోజు దీనికి బొట్టెవరెట్టినారు?"

"నేనేనండి," అన్నాడు అచ్యుతరామయ్య.

"మర్నాడు తుడవకుండా దీంతోటి సెట్ సేసిందీ మీరేనా?"

ఆయన వేలితో ఆ బొట్టు తడిమి చూసుకున్నాడు.

"కడ్డీ, బొట్టూ కలిపి యాభై అనుకుంది మీ మైక్రోమీటరు. బొట్టు మందమంతా పిన్నుల మీదకొచ్చింది. ఆడు మూడుసార్లు సెప్పినా మీరు ఇన్లేదు. కంప్లయింటు ఎవరి మీద రాసుకుంటారో రాసుకోండి బాబూ."

అచ్యుతరామయ్య నెమ్మదిగా మొహియుద్దీన్ ముందుకి నడిచాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి.

"అందరి ముందూ అన్నాను. అందరి ముందే అడుగుతున్నాను. తప్పు నాదయ్యా, క్షమించు."

"రాత్రి మా పాప మెహబూబ్ బీ అడిగింది సార్, ద్రోహి అంటే ఏటని," అన్నాడు మొహియుద్దీన్. ఆ మాటకి శ్రీసత్య పెన్ను ఆగిపోయింది.

తర్వాత అతను కడ్డీ అందుకుని, చొక్కా అంచుతో కొస శుభ్రంగా తుడిచి యజమానికి అందించబోయాడు.

"ఇప్పుడు సెట్ సెయ్యండి. లావే కదా, ఒక్క కోత యేత్తే సరిపోతాది. సాయంత్రానికి ఎనిమిదీ ఇచ్చేత్తాను."

అచ్యుతరామయ్య కడ్డీ తీసుకోలేదు. జేబులోంచి బీరువా తాళం తీసి అతని చేతిలో పెట్టాడు.

"నువ్వే చెయ్యి," అన్నాడు.