ఎడమవైపు స్టేషన్

ఆదివారం పొద్దున ఆ ఇంట్లో చీపురు కంటే ముందు దుమ్ము దులిపే పెయింటు బ్రష్ చేతికొచ్చిందంటే, ఆ రోజు రైళ్ళు చూడటానికి జనం వస్తున్నారని అర్థం.

వెనక గదిలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా పెద్ద బల్ల. దాని మీద నాన్న ఏళ్ళ తరబడి కట్టుకున్న బొమ్మ రైల్వే. నడుమ ఒక కొండ, కొండలో సొరంగం, కుడి చివర పెద్ద స్టేషన్, ఎడమ చివర చిన్న స్టేషన్. వారమంతా ఆయన స్కూలు వ్యాను నడుపుతాడు. నెలకో ఆదివారం మాత్రం వ్యానులో వచ్చే పిల్లల్నీ, వాళ్ళ అమ్మానాన్నల్నీ ఇంటికి పిలిచి రైళ్ళు నడిపి చూపిస్తాడు. రోజూ వ్యాను తాతయ్య అని పిలిచే పిల్లలు ఆ ఒక్క పూటా గార్డు తాతయ్య అంటారు. ఆ పిలుపు వింటే ఆయన ముఖం వెలిగిపోతుంది.

కూతురు టైలరింగ్ షాపులో కాజాలు కుడుతుంది. చప్పుడు లేకుండా ఇంట్లో తిరుగుతుందని నాన్న ఆమెకు పెట్టిన పేరు చీమ.

"నిన్న సాయంత్రమంతా కూర్చుని తుడిచాను కదే. మళ్ళీ ఎందుకు నీ తంటా?" వరండాలో టీ తాగుతూ అన్నాడు నాన్న.

"ఊరికే నాన్నా. చెయ్యి ఊరుకోక."

నిజంగానే తుడవడానికి ఏమీ లేదు. పెద్ద స్టేషన్ కొత్త గిన్నెలా మెరుస్తోంది. పెట్టెల కిటికీలు కూడా తళతళలాడుతున్నాయి. బ్రష్ తిప్పుకుంటూ కొండ దాటి ఎడమవైపుకు వచ్చేసరికి ఆమె చెయ్యి ఆగిపోయింది.

చిన్న స్టేషన్ కప్పు మీద దుమ్ము మందంగా పేరుకుని ఉంది. కూలీ బొమ్మ పట్టాల పక్కన బోర్లా పడి ఉంది. సిగ్నల్ స్తంభానికీ నీళ్ళ ట్యాంకుకీ మధ్య సాలెగూడు. ఎవరో సుద్దముక్కతో గీత గీసి, ఇవతల తుడువు, అవతల వదిలెయ్ అన్నట్టుంది. నలుసు కనబడితే పట్టకారుతో తీసే మనిషి నాన్న. ఆయన కూర్చునే స్టూలుకు అది చేతికందే దూరం.

 ఆమెకు వ్యాను ఎడమ తలుపు మీద గీతలు గుర్తొచ్చాయి. ఎవరో గీకేసి పోయారన్నాడు నాన్న. ఈ మధ్య ఆయన పళ్ళెంలో ఒక పక్క అన్నం అలాగే వదిలేసి చెయ్యి కడగబోతే, అమ్మ మాట్లాడకుండా పళ్ళెం తిప్పి పెట్టడం గుర్తొచ్చింది. అప్పుడది ముద్దుగా అనిపించింది. ఇప్పుడు అలా అనిపించలేదు.

అడుగుదామనుకునేలోపే గేటు చప్పుడైంది.

పిల్లలు గదిలోకి దూసుకొచ్చారు. నాన్న గార్డు టోపీ పెట్టుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఆ గదిలో ఒక నియమం ఉంది. బండి తీసే ముందు ఆయన "లైన్ క్లియరా?" అని అడుగుతాడు. ఎడమ చివర నిలబడ్డవాళ్ళు పట్టాలు చూసి "క్లియర్" అనాలి. ఆ మాట వినబడేదాకా ఆయన మీట ముట్టుకోడు. చిన్నప్పుడు ఆ జవాబు చెప్పే పని చీమది. ఈ మధ్య అమ్మది. ఆ నిమిషానికి అమ్మ మంచినీళ్ళ కోసం వంటింట్లోకి వెళ్ళింది.

"లైన్ క్లియరా?"

"క్లియరే, క్లియరే. తియ్యండి మాస్టారూ, మా ఆఫీసు బస్సు డ్రైవరు ఇవేం అడగడు," అన్నాడు ఫోన్ చూసుకుంటున్న ఒక తండ్రి. అందరూ నవ్వారు.

రైలు కదిలింది. ముందు పళ్ళు ఊడిన ఒక చిన్న పిల్ల ఎడమవైపు బల్ల మీదికి వంగి, పడిపోయిన కూలీ బొమ్మను తియ్యడానికి పట్టాల మీద చెయ్యి పెట్టింది. నాన్న కొండ వైపు ముఖం పెట్టి ఉన్నాడు. చిరునవ్వు అలాగే ఉంది. మీట ఇంకా ముందుకు తోశాడు. ఆ పిల్ల అసలు ఆ గదిలోనే లేనట్టు.

చీమ గోడ దగ్గరికి పరిగెత్తి ప్లగ్గు పీకేసింది. పిల్ల వేలికి ఆనుకుని రైలు ఆగింది.

"అంత కంగారెందుకమ్మా, బొమ్మ రైలేగా," అన్నారెవరో.

బొమ్మ రైలే. కానీ రేపు పొద్దున ఇదే పిల్ల బ్యాగు తగిలించుకుని రోడ్డు పక్కన నిలబడుతుంది. గుమ్మంలో నీళ్ళ గ్లాసులతో నిలబడ్డ అమ్మను చూసింది చీమ. అమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. పట్టుబడ్డ మనిషి ముఖం అది.

జనం వెళ్ళాక చీమ గది తలుపు వేసింది.

"ఆ పిల్ల చెయ్యి కనబడలేదా నాన్నా?"

"కొండ అడ్డమొచ్చింది."

"కొండ అవతల కాదు. నీ మోచేతి పక్కన."

"ఏంటే నీ ఆరాలు? నేను డ్రైవర్ని. దొంగని కాదు."

"చెప్పెయ్యండి," అంది అమ్మ నేలచూపులు చూస్తూ. "ఇంక నా వల్ల కాదు."

నాన్న టోపీ తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మొన్నామధ్య విపరీతంగా తలనొప్పి వచ్చిన రోజు నుంచి ఎడమవైపు కాస్త మసక. అంతే. దానికి తగ్గ ఏర్పాటు చేసుకున్నాంలే. మీ అమ్మ వ్యానులో పక్కన కూర్చుంటోంది కదా. మలుపు వస్తే లైన్ క్లియరా అంటాను. ఆవిడ చూసి క్లియర్ అంటుంది. అప్పుడే తిప్పుతాను. ఈ గదిలో ఇన్నేళ్ళలో ఒక్క ప్రమాదమైనా జరిగిందా?"

పిల్లల్ని దించడానికి సాయమంటూ అమ్మ వ్యాను ఎక్కడం మొదలుపెట్టింది అందుకా. 

"సరిగ్గా ఆ క్షణాన అమ్మ తుమ్మితే?"



"మొన్న నాకు జ్వరమొచ్చిన రోజు," అంది అమ్మ, "ఈయన ఒక్కరే వెళ్ళారు. ఇంటికొచ్చేదాకా దుప్పటి నోట్లో కుక్కుకుని పడుకున్నానే. వద్దని ఎన్నిసార్లు చెప్పానో. వ్యాను లేకపోతే నేనెవర్నని అడుగుతారు. ఆ మాటకే నా నోరు పడిపోయేది."

"అయితే తాళం లాక్కోండి," నాన్న గొంతు లేచింది. "ఇద్దరూ కలిసి నన్నో మూల కూర్చోబెట్టండి."

చీమకు వాదించడం చేతకాదు. ప్లగ్గు మళ్ళీ పెట్టి, బల్ల ఎడమ చివరికి వెళ్ళి నిలబడింది.

"ఒక్కసారి బండి తియ్యి నాన్నా."

ఆయన విసుక్కుంటూనే మీట మీద చెయ్యి వేశాడు. "లైన్ క్లియరా?"

ఆమె పలకలేదు.

"లైన్ క్లియరా?"

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. కన్నీళ్ళు వేళ్ళ సందుల్లోంచి కారుతున్నాయి. నాన్న ముఖం తలుపు వైపు తిరిగింది. కొండ మీదికి వచ్చింది. ఆమె దాకా రాకుండానే మళ్ళి, కుడివైపు కిటికీ దాకా వెతికింది. చెయ్యి చాపితే తగిలేంత దగ్గర్లో ఉందామె.

"చీమా," అన్నాడు చివరికి. ఆ గొంతు ఆమె ఎప్పుడూ విననిది. చీకట్లో లేచిన పసివాడి గొంతులా ఉంది. "ఉన్నావా?"

"ఇక్కడే ఉన్నాను నాన్నా. నీ పక్కనే."

 ఆయన మీట మీది చేతిని మెల్లగా వెనక్కి తీసుకున్నాడు.

"ఇంత పోయిందని నాకు తెలీదమ్మా. నల్లగా ఉంటే తెలిసేదేమో. అక్కడ ఏమీ లేనట్టే ఉంటుంది." ఒళ్ళోని టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. "ఆ పిల్ల... రేపు పొద్దున రోడ్డు మీద..."

 జేబులోంచి వ్యాను తాళం తీసి, బల్ల మీద తడుముకుంటూ చిన్న స్టేషన్ వెతికి, దాని ముందు పెట్టాడు. చీమ ఆ చేతిని రెండు చేతులతో పట్టుకుంది. ఆయన ఆమె భుజం మీద తల ఆన్చి ఏడ్చాడు. అమ్మ గుమ్మానికి చేరబడి అలాగే కూలబడిపోయింది. ఎన్నాళ్ళుగానో బిగబట్టిన ఊపిరి వదిలినట్టుగా.

ఆ సాయంత్రం అన్ని ఇళ్ళకూ ఆయనే ఫోన్ చేశాడు. ఒక తండ్రి నోటికొచ్చినట్టు తిట్టాడు. నాన్న నిలబడే విన్నాడు. "మీరన్నది నిజమే సార్," అని మాత్రం అన్నాడు. తర్వాత డాక్టరు అది కంటి జబ్బు కాదన్నాడు. మెదడులో చిన్న రక్తనాళం మూసుకుపోయిందట. పోయిన చూపు రాదు, ఉన్నది కాపాడుకోవాలి అని మాత్రలు రాశాడు.

మరుసటి నెల ఆ ఆదివారం వచ్చింది. ఎవరూ రారని నాన్న స్నానం కూడా చెయ్యకుండా కూర్చున్నాడు. చీమ బ్రష్ తెచ్చి ఆయన చేతిలో పెట్టి, చిన్న స్టేషన్ తుడవడానికి వీలుగా ఆయన స్టూలును ఎడమవైపుకు జరిపింది.

చాలామంది రాలేదు. పళ్ళు ఊడిన పిల్ల మాత్రం అమ్మ చెయ్యి పట్టుకుని వచ్చింది. ఎవరూ చెప్పకుండానే చిన్న స్టేషన్ దగ్గరికి పోయి, ముక్కు పట్టాలకు ఆనేంతగా వంగి నిలబడింది.

నాన్న గొంతు సవరించుకున్నాడు. "లైన్ క్లియరా?"

పిల్ల ఇటు చూసింది, అటు చూసింది.

"ఉండు తాతయ్యా. సాలెపురుగు దాటుతోంది."

ఎవరో నవ్వబోయి ఆగారు. నాన్న మీట మీంచి చెయ్యి తీసేసి ఒళ్ళో పెట్టుకున్నాడు. తనకు కనబడని ఆ పురుగు పట్టాలు దాటేదాకా కదలకుండా కూర్చున్నాడు.